పదిహేడో కెమెరా మండల దీక్ష

ఒకటో రోజు, మహర్నవమి

ఈరోజు నుంచి మా ఆఫీసు దీక్షలో ఉంది. దీక్ష మనుషులకు కాదు, కెమెరాలకు. సముద్రపు గోడ మీదున్న నలభై కెమెరాలూ నలభై ఒక్క రోజులపాటు కన్నార్పకుండా, మెడ తిప్పకుండా చూడాలట. దీనికి సుధీంద్ర గారు ‘అఖండ చూపు’ అని పేరు పెట్టారు. ఆయన మా చూపుల శాఖకు డిప్యూటీ అధికారి. పేర్లు పెట్టడం ఆయనకు వచ్చిన మొదటి విద్య, బ్యానర్లు కట్టించడం రెండోది. మూడోది ఏమిటో పదమూడేళ్లుగా చూస్తున్నా నాకు అంతు చిక్కలేదు.

నా ఉద్యోగం మెట్టపురంలో కుర్చీలో కూర్చుని నలభై కిలోమీటర్ల అవతలున్న కెమెరాల మెడ తిప్పడం. గోడ నుంచి వచ్చిన తీగ నా కంప్యూటరు వెనక కలుస్తుంది. కంప్యూటరు పక్కన చిన్న పుల్ల ఉంటుంది, దాన్ని ఎటు వంచితే కెమెరా అటు తిరుగుతుంది. ఇవాళ పూజ అయ్యాక ఆ పుల్లలన్నీ పీకి, సంచిలో వేసి, సుధీంద్ర గారి బీరువాలో పెట్టి తాళం వేశారు. దీక్షలో ఉన్న కన్ను పక్కచూపులు చూడకూడదట. తిప్పడం కోసం పెట్టుకున్న మనిషిని, ఎవరూ తిప్పకుండా కాపలా కాయమని కూర్చోబెట్టారు.

ఆయుధ పూజ నాడు ఎవరి పనిముట్లకు వాళ్లు బొట్టు పెట్టుకుంటారు. మా పనిముట్లు ఎక్కడో గోడ మీద ఉన్నాయి కాబట్టి మేం ఇక్కడ కొబ్బరికాయ కొడితే, అద్దాలు తుడిచేవాళ్లు అక్కడ స్తంభాలెక్కి బొట్లు పెట్టాలి. నా ఎనిమిది కెమెరాల అద్దాలు తుడిచే మనిషి పల్లాలమ్మ. గోడ కిందున్న మడిపాలెంలో, ఉప్పు మళ్లలో పనిచేసే వాళ్ల మధ్య ఉంటుంది. తొమ్మిదేళ్లుగా స్తంభం ఫోనులో రోజూ మాట్లాడుకుంటాం గానీ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. నాకు కనపడేదల్లా అద్దం మీద అటూ ఇటూ తిరిగే ఆమె అరచెయ్యి, తుడుపు గుడ్డ.

పూజ కోసం కెమెరాలను కాసేపు ఆపారు. ఫోనులో పల్లాలమ్మ అడిగింది.

"వేణమ్మ గారండీ, బొట్టు ఎక్కడెట్టమంటారండి? అద్దం మీదెడితే దానికి కళ్లు కనపడవు కదండీ."

"పాతవాటికి నెత్తిమీద పెట్టెయ్. పదిహేడో నంబరు కొత్తది కదా, దానికి అద్దం కింద మినపగింజంత నల్ల చుక్క ఉంటుంది చూడు, దానిమీద పెట్టు. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది."

"ఆయ్, అలాగేనండి."

కెమెరాలు మళ్లీ మొదలయ్యాయి. సుధీంద్ర గారు హారతి కళ్లకద్దుకున్నారు. స్క్రీన్లకు కూడా హారతి చూపించారు, వాటికి ఏం పుణ్యం దక్కిందో తెలియదు.

మూడో రోజు

మిగతా కెమెరాలు వంతెననూ గోడ మీది బాటనూ చూస్తాయి, పదిహేడో కెమెరాకు ఒకటే పని. గోడకు అవతల సముద్రంలో పాతిన కొలబద్దను చూడటం. కొలబద్ద అంటే అడుగుల అంకెలు రాసిన పలక. నీరు ఏ అంకె దగ్గరుందో కంప్యూటరు చదువుకుంటుంది. నా స్క్రీన్ మీద ఆ పలకా, దాని చుట్టూ కాస్త నీరూ తప్ప ఇంకేం కనపడదు. మామూలుగా ఏడు దగ్గరుంటుంది. పన్నెండు తాకి ఒక నిమిషం నిలబడితే సైరను మోగుతుంది, మడిపాలెం వంతెన మీద ఇనప గేటు తెరుచుకుంటుంది, జనం మెట్టకు వచ్చేస్తారు. పన్నెండు రాకపోతే గేటు తెరుచుకోదు. ఎవరు బతిమాలినా తెరుచుకోదు.

ఇరవై ఏళ్ల కిందట ఎవరో ‘సముద్రం వచ్చేస్తోంది’ అని కేక పెట్టారు. సముద్రం రాలేదు గానీ జనం పరుగెత్తారు, వంతెన మీద తొక్కిసలాటలో నలభై మంది పోయారు. అప్పుడు పెద్దలు కూర్చుని మనిషి మాట చెల్లదు, కెమెరా చూపే చెల్లుతుంది అని చట్టం చేశారు. కేక పెట్టినవాడు ఒకడైతే ఊరందరి నోళ్లూ మూయించారు. వంతెనను కాస్త వెడల్పు చేద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు.

గంటకోసారి ఈ పుస్తకంలో ఏడు, ఏడు, ఏడు అని రాస్తున్నాను. కంప్యూటరు తనే రాసుకుంటుంది, నేను కూడా రాయాలట. చేతిరాత మనిషి మాట కిందే లెక్క కాబట్టి దీన్ని ఎవరూ చదవరు. ఆ ధైర్యంతోనే నాకు తోచిందంతా ఇందులో రాస్తున్నాను.

ఏడో రోజు, పున్నమి

ఇవాళ కూడా ఏడే. పున్నమికి పోటు తొమ్మిదికి తగ్గిన సంగతి నేను చూడలేదు. కనీసం ఏడుంపావు కూడా కాలేదు. వెళ్లి చెప్పాను.

సుధీంద్ర గారు చేతులు జోడించి స్క్రీన్ వైపు చూశారు. "సత్యవేణి గారూ, ఏడు రోజుల చూపుకే సముద్రం ఎంత శాంతించిందో చూశారా!"

"సముద్రం శాంతించడం కాదు సార్, పోటూ లేదు, పాటూ లేదు. గిన్నెలో నీళ్లలా కదలకుండా ఉంది. నాకు అనుమానంగా ఉంది."

"దీక్షలో అనుమానం పనికిరాదండీ."

సాయంత్రానికి కొత్త బ్యానరు వచ్చింది. ‘సముద్రాన్ని శాంతింపజేసిన అఖండ చూపు’ అని, పక్కన ఆయన ఫొటో. సముద్రం ఫొటో పెట్టడానికి చోటు చాల్లేదు.

పన్నెండో రోజు

పల్లాలమ్మ ఫోను చేసింది. ఉప్పు మళ్లలోకి గోడ కింద నుంచి నీళ్లు ఊరుతున్నాయంది. పున్నమి పోటుకు వచ్చిన సముద్రం పూర్తిగా వెనక్కి పోలేదంది.

"గోడ మెట్లు మూడు మునిగిపోయినాయండి. ఎప్పుడూ ఇంత పైకి రాలేదండి."

"నా స్క్రీన్ మీద ఏడు ఉంది పల్లాలమ్మా."

"మీ స్క్రీను మీద ఎంతున్నా నా కాళ్ల మీద మాత్రం మోకాటి దాకా ఉందండి."

"నువ్వు లోతు చోట నిలబడి ఉంటావు."

ఆమె "ఆయ్" అని ఫోను పెట్టేసింది. సుధీంద్ర గారిని రోజూ వెక్కిరించే దాన్ని, అచ్చం ఆయనలాగే మాట్లాడాను. ఆ గోడ దగ్గరే పుట్టి పెరిగిన మనిషికి లోతు తెలియదని, నలభై కిలోమీటర్ల దూరంలో ఫ్యాను కింద కూర్చున్న నేను చెప్పాను. సిగ్గేసింది. కానీ మళ్లీ ఫోను చేయలేదు, అది ఇంకా సిగ్గుచేటు.

పద్దెనిమిదో రోజు

ఇవాళ నేనే ఫోను చేశాను. ఒకసారి స్తంభమెక్కి పదిహేడును చూడమని అడిగాను.

"ఎక్కనివ్వట్లేదండి. దీచ్చలో ఉన్న కెమేరాని మడి కట్టుకోకుండా ముట్టుకోకూడదని కాయితం అంటించేరండి. స్తంభానికి పసుపు దారం కూడా కట్టేరండి."

నిజమే, ఉత్తర్వు ఇచ్చారు. నలభై ఒక్క రోజులు ఎవరూ స్తంభాలెక్కకూడదు, అద్దాలు తుడవకూడదు. తుడవకపోతే ఉప్పు పేరుకుని చూపు మసకబారుతుందని ఎనిమిదేళ్ల పిల్లకైనా తెలుస్తుంది. కింద నుంచి చూస్తే కెమెరా గుండ్రటి డబ్బా, పైన రేకు గొడుగు. మొహం ఎటు తిరిగి ఉందో తెలియదు.

సుధీంద్ర గారి గదికి వెళ్లాను. నీరు మెట్లెక్కిందని పల్లాలమ్మ చెప్పిన సంగతి చెప్పాను.

"ఎవరీ పల్లాలమ్మ?"

"అద్దాలు తుడిచే ఆవిడ."

"ఏ కెమెరాలో చూసింది?"

"కళ్లతో చూసింది."

ఆయన జాలిగా నవ్వారు, ఏదో బూతుమాట విన్న పెద్దమనిషిలా. తర్వాత చట్టం పుస్తకం బయటికి తీసి, మొదటి నిబంధన నాకు చదివి వినిపించారు. పదమూడేళ్లుగా ఈ ఉద్యోగం చేస్తున్న దానికి.

ఇరవై రెండో రోజు, దీపావళి అమావాస్య

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున ఎనిమిదికి ఫోను మోగింది. పల్లాలమ్మ గొంతులో ఎప్పుడూ ఉండే వినయం లేదు.

"వేణమ్మ గారండీ, స్తంభం ఎక్కేసేనండి. మడీ లేదు, గిడీ లేదు. మీ పదిహేడు సముద్రం కేసి సూట్టం లేదండి! ఎనక్కి తిరిగి పడవల గుంట కేసి సూత్తందండి!"

పడవల గుంట గోడకు లోపలి వైపు, చుట్టూ గోడంత ఎత్తు రాతి గట్టుతో ఉంటుంది. ఒకప్పుడు అక్కడ పడవలు కట్టుకునేవాళ్లట. సముద్రంతో సంబంధం లేని నిలవ నీరు. అందులో కూడా అచ్చం అలాంటిదే ఒక పాత కొలబద్ద మిగిలిపోయింది, చెక్కది. దాని మీద నీరు ఎప్పుడూ ఏడు దగ్గరే. ఇరవై రెండు రోజులుగా మేం హారతులిస్తున్నది ఆ గుంటకు.

"సముద్రం కొలబద్ద మీద ఎంతుందో చదువు."

"పదకొండు దాటిందండి. పోటు పదిన్నరకండి, ఇంకా ఎక్కుద్ది. జనం వంతెన కాడే ఉన్నారండి, పిల్లల్ని సంకనేసుకుని. గేటు తెరుసుకోవట్లేదండి."

అరవై ఒక్క ఇళ్లు, రెండు వందల నలభై మూడు మంది. పన్నెండు దాటితే గోడ పల్లంగా ఉన్నచోట నీరు పొర్లి మడిపాలెం మీద పడుతుంది. సుధీంద్ర గారి గదికి పరిగెత్తాను. ఆయన దీపావళి ప్రమిదలు వరసగా పేరుస్తున్నారు.

"గేటు తెరవండి సార్. పదిహేడు పక్కకి తిరిగి ఉంది."

"ఆవిడ స్తంభమెక్కిందా? దీక్షలో ఉన్న కెమెరాను ముట్టుకుందా?"

"సార్, జనం చచ్చిపోతారు."

"గేటు తెరిచే అధికారం నాకు లేదండీ, కంప్యూటరుకు ఉంది. కంప్యూటరుకు పదిహేడు చెప్పాలి."

"పోనీ పుల్ల ఇవ్వండి. తిప్పి సముద్రం వైపు పెడతాను. ఒక్క నిమిషం పని."

ఆయన చెయ్యి జేబు మీదికి వెళ్లింది, తాళంచెవి ఉన్న జేబు. ఇవ్వడానికి కాదు, కాపాడుకోవడానికి. "ఇరవై రెండు రోజుల దీక్ష, సత్యవేణి గారూ," అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, నేను చూశాను. ఆ కన్నీళ్లు చూసి నాకు ఆయన్ని ప్రమిదల మీదికి తోసెయ్యాలనిపించింది.

తిరిగొచ్చి ఫోను అందుకున్నాను. జరిగింది చెప్పాను. పల్లాలమ్మ తిట్టలేదు. ఒక్క ప్రశ్న అడిగింది.

"దానికి పన్నెండు కనపడాలి, అంతేనాండి?"

"అంతే. ఒక నిమిషం కదలకుండా కనపడాలి."

"గుంటలో కొలబద్ద సెక్కదేనండి. గాడిలో నిలబెట్టి మేకు కొట్టేరు, దాని కింద ఇంకా బోలెడు లోతుందండి. మేకు తీసి కిందకి తొక్కితే అంకె పైకెక్కదాండి?"

నీరు పైకి రాకపోతే పలకను కిందికి దించితే సరి. చదువుకున్న మా అందరి బుర్రలూ ఒక ఎత్తు, ఆ మనిషి బుర్ర ఒక ఎత్తు.

ఫోను పెట్టకుండా అక్కడే వదిలేసి ఆమె గుంటలోకి దూకింది. నేను స్క్రీన్ చూస్తూ కూర్చున్నాను. తొమ్మిదింపావుకు ఏడు అంకె ఊగింది. ఏడున్నర, ఎనిమిది. తర్వాత తడిచెయ్యి ఒకటి పలకను పట్టుకుని కనపడింది, కంప్యూటరు వెంటనే ‘అడ్డం, చదవలేను’ అని ఎర్రగా రాసింది. నేను ఫోనులో గట్టిగా అరిచాను, "చెయ్యి తీసెయ్, చెయ్యి కనపడకూడదు" అని. విందో లేదో గానీ చెయ్యి మాయమైంది. ఆమె నీళ్ల కిందికి దిగింది. పలకను అడుగు నుంచి లాగుతోంది.

తొమ్మిది. పది. పదకొండు. మళ్లీ పది. ఆమె ఊపిరి కోసం పైకి వచ్చినప్పుడల్లా అంకె జారిపోతోంది. నాలుగోసారి కిందికి వెళ్లినప్పుడు నీటి మీద ఆకుపచ్చ బట్ట ముక్క ఒకటి మెలికలు తిరిగి కిందికి పోయింది. చీర చెంగు చింపి పలకను అడుగున దేనికో కట్టేస్తోందన్న మాట. పదకొండున్నర. పన్నెండు. నిలబడింది. అరవై దాకా నేను కూడా ఊపిరి పీల్చలేదు.

సైరను మోగింది. గేటు తెరుచుకుంది.

పది గంటలకల్లా ఆఖరి మనిషి వంతెన దాటింది. పదింపావుకు సముద్రం గోడ దాటింది. మడిపాలెం ఇళ్లు చూరుల దాకా మునిగాయి. ఒక్క ప్రాణం పోలేదు. నేను టేబుల్ మీద తల పెట్టుకుని ఏడ్చాను.

సుధీంద్ర గారు లడ్డు పట్టుకుని వచ్చారు. "చూశారా? సమయానికి పదిహేడు చూసింది. అనవసరంగా కంగారు పడ్డారు," అన్నారు. లడ్డు తీసుకుని చెత్తబుట్టలో వేశాను. ఆయన చూస్తుండగానే వేశాను గానీ, కెమెరాలో పడలేదు కాబట్టి ఆయన పట్టించుకోలేదు.

ఇరవై మూడో రోజు

మడిపాలెం వాళ్లను మెట్టపురం బడిలో ఉంచారు. వెళ్లాను. ఆకుపచ్చ చీర చెంగు చిరిగి ఉన్న మనిషిని వెతుక్కుంటే దొరికింది. నేననుకున్నంత పొడుగు లేదు. నన్ను చూసి లేచి నిలబడబోయింది, భుజం పట్టుకుని కూర్చోబెట్టాను.

"పదిహేడు ఎందుకు పక్కకి తిరిగిందంటావు?" అని అడిగాను.

"ఏమోనండి. బాగానే ఉందండి. మనం ఎట్టిన బొట్టు కూడా సెక్కుసెదరలేదు. ఆ నల్ల సుక్క మీద ఎర్రగా, ముద్దుగా ఉందండి."

ఆ చుక్క అసలు ఎందుకుందా అని అప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది. ఆఫీసుకి వెళ్లి, కెమెరాతోపాటు వచ్చి ఇప్పటిదాకా ఎవరూ విప్పని చిన్న పుస్తకం విప్పాను. ఆపి మొదలుపెట్టినప్పుడల్లా కెమెరా ఆ నల్ల చుక్కను వెతుక్కుంటుంది. అది దొరికిన చోటు నుంచి అంగలు లెక్కపెట్టుకుని తన చోటికి తిరుగుతుంది. చుక్క మీద కుంకుమ ఉంటే చోటు తప్పుతుంది. ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడికో తిరిగి, అక్కడ కూడా ఒక కొలబద్ద కనపడేసరికి తృప్తిగా ఆగిపోయింది.

బొట్టు ఎక్కడ పెట్టాలో చెప్పింది నేను. ముద్దుగా ఉంటుందని చెప్పింది నేను. ఇన్నాళ్లూ అందరినీ వెక్కిరిస్తూ కూర్చున్న నేను.

ఇరవై ఐదో రోజు

ఇవాళ మధ్యాహ్నం రెండింటికి గుంటలో చెంగు ముక్క తెగిపోయినట్టుంది. చెక్క పలక ఒక్క ఊపున పైకి తేలింది. నా స్క్రీన్ మీద పన్నెండు కాస్తా ఏడైంది, రెప్పపాటులో.

సముద్రం ఒక్క రెప్పపాటులో ఐదడుగులు తగ్గిందంటే ఎవరికైనా అనుమానం రావాలి. మావాళ్లకు భక్తి వచ్చింది. సుధీంద్ర గారు పై అధికారులకు ‘అఖండ చూపు మహిమ’ అని నివేదిక పంపారు.

నేను వెళ్లి అంతా చెప్పేశాను. బొట్టు, చుక్క, గుంట, చీర చెంగు, ఏదీ దాచలేదు. తప్పు నాదేనని కూడా చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు.

"మీరు అలసిపోయారు. పదిహేడు ప్రమాదం చూసింది, చెప్పింది, జనం బతికారు. రికార్డు అలా ఉంది. మీరు చెప్పేది మనిషి మాట."

"తప్పు ఒప్పుకున్నా చెల్లదా సార్?"

"ఒప్పుకోవడం కూడా నోటితోనే కదండీ."

మేం కెమెరాకు అబద్ధం చెప్పి జనాన్ని బతికించాం. ఇప్పుడా అబద్ధమే కెమెరాకు కిరీటమైంది.

ముప్పై ఒకటో రోజు

రెండు ఉత్తర్వులు వచ్చాయి. నీరు ఏడుకు తగ్గింది కాబట్టి మడిపాలెం జనం వెంటనే వెనక్కి వెళ్లాలి. కెమెరాలు వాటంతటవే బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి కాబట్టి గోడ మీద మనుషుల అవసరం లేదు, అద్దాలు తుడిచేవాళ్లందరినీ తొలగిస్తున్నాం.

బడి దగ్గరికి లారీలు వచ్చాయి. పల్లాలమ్మ లారీ ఎక్కుతూ "ఆరో రోజుకి కార్తీక పున్నమండి," అంది. ఆరో రోజు పోటు వస్తే గేటు తెరుచుకోదు. ఈసారి గుంటలో దూకడానికి ఆమె ఉన్నా, ఉద్యోగం లేని మనిషిని గోడ ఎక్కనివ్వరు. జనం గేటు ఇవతల నుంచి అవతలికి వెళ్లాక తాళం పడింది. ఆ చప్పుడు నా స్క్రీన్‌లో వినపడదు, అయినా నాకు వినపడింది.

ముప్పై నాలుగో రోజు

నాకు ఎలాంటి శిక్ష పడుతుందో చూసుకుందామని చట్టం పుస్తకం మొత్తం చదివాను. సుధీంద్ర గారు మొదటి నిబంధన దాటి చదివినట్టు లేరు, మూడో పేజీ నుంచి కాగితాలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి.

పద్నాలుగో నిబంధన ఇలా ఉంది. ఏ కారణం చేతనైనా కొలబద్ద కెమెరా నుంచి కంప్యూటరుకు చూపు అందకపోతే, బాగు చేసేదాకా సంబంధిత అధికారి స్వయంగా ఆ స్థలంలో నిలబడి అంకె చదవాలి. అధికారి చెప్పిన అంకె కెమెరా చూపుతో సమానం. అవసరమైతే ఆ అంకెను బట్టి, పన్నెండు రాకముందే గేటు తెరవమని కూడా ఆయన చెప్పవచ్చు.

అమావాస్య నాడు ఇది తెలిసినా లాభం లేదు, పడవలో గోడ దగ్గరికి మూడు గంటల దారి. ఇప్పుడు మూడు రోజుల సమయం ఉంది.

తోటపని కత్తెర తీసుకుని కంప్యూటరు వెనక్కి వెళ్లి పదిహేడో కెమెరా తీగను కోసేశాను. ఒకచోట కాదు, ఏడు చోట్ల. స్క్రీన్ నల్లబడింది. ముప్పై నాలుగో రోజు, పన్నెండు గంటల పది నిమిషాలకు అఖండ చూపు ఖండమైంది.

సుధీంద్ర గారు పరుగున వచ్చారు. తీగ ముక్కలు చూశారు, నా చేతిలో కత్తెర చూశారు. నేను పుస్తకం తెరిచి పద్నాలుగో నిబంధన ఆయన ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు.

"మీ ఉద్యోగం పోతుంది," అన్నారు.

"తెలుసు సార్. పడవకి చెప్పాను, రేపు పొద్దున ఆరింటికి."

ముప్పై ఐదో రోజు

సుధీంద్ర గారు నల్ల బూట్లు, ఇస్త్రీ ప్యాంటు వేసుకుని వచ్చారు. గోడ దగ్గరికి ఉద్యోగంలో చేరాక ఎప్పుడైనా వచ్చారా అని అడిగితే, "రోజూ చూస్తూనే ఉన్నానుగా," అన్నారు.

వంతెన దగ్గర దిగి జీపులో వెళ్దామన్నారు. అక్కర్లేదన్నాడు పడవ నడిపే ఆయన. పడవ నేరుగా మడిపాలెం వీధిలోకి వెళ్లింది. సుధీంద్ర గారు అటూ ఇటూ చూశారు. ఒక ఇంటి అరుగు మీద మంచం, ఆ మంచం మీద ఇంకో మంచం, దాని మీద కట్టెల పొయ్యి పెట్టుకుని ఒకావిడ అన్నం వండుతోంది. దండేనికి ఉయ్యాల కట్టి అందులో పిల్లను పడుకోబెట్టారు, ఉయ్యాల అడుగు నీళ్లకు జానెడు ఎత్తులో ఊగుతోంది. ఎవరూ మాతో మాట్లాడలేదు. మాట చెల్లదని వాళ్లకు ఇరవై ఏళ్లుగా నేర్పాం కదా.

గోడ మెట్ల దగ్గర పడవ ఆగింది, ఇంక లోపలికి పోదు. పల్లాలమ్మ నడుం లోతు నీళ్లలో నిలబడి ఉంది. పడవ అంచున నిలబడి సుధీంద్ర గారు నీళ్లకేసి చూశారు.

"ఎంత లోతుంటుంది?"

"దిగితే తెలుత్తాదండి," అంది పల్లాలమ్మ. చెయ్యి అందించింది.

ఆయన ఆ చేతిని చాలాసేపు చూశారు. పట్టుకుని దిగారు. నీరు నడుం దాకా వచ్చేసరికి గుక్క పట్టినట్టు ఒక శబ్దం చేశారు. ఇద్దరూ గోడ మెట్లెక్కారు. నేను ఈ పుస్తకం నెత్తిన పెట్టుకుని వెనక నడిచాను. పైకి వెళ్లగానే ఒకవైపు గుంట కనపడింది, కదలకుండా, పచ్చగా, ఏడు చూపిస్తూ. రెండోవైపు సముద్రం.

గాలికి ఆయన ఇస్త్రీ ప్యాంటు కాళ్లకు అంటుకుపోయింది. సముద్రంలో ఉన్న కొలబద్దను చదివారు.

"అంకె చెప్పండి సార్, రాసుకోవాలి."

"పదిన్నర," అన్నారు. తర్వాత నా వైపు కాకుండా పల్లాలమ్మ వైపు తిరిగారు. "ఎల్లుండి పున్నమికి ఎంతవుతుందమ్మా?"

"పన్నెండు దాటుద్దండి. మొన్నటికన్నా గట్టిగా వత్తాది."

కింద వీధిలో పిల్ల ఏడుపు వినపడుతోంది. ఆయన స్తంభం ఫోను తీసి ఆఫీసుకు కలిపారు. గేటు తెరవమన్నారు, లారీలు పంపమన్నారు. ఎవరు చూశారని అవతల అడిగినట్టున్నారు, "నేను చూశాను, తడిసి కూడా చూశాను," అని అరిచారు.

ఫోను పెట్టేసి నాతో అన్నారు, "పున్నమికి పన్నెండు దాటుతుందని రాసుకోండి."

"రాస్తాను. ఎవరు చెప్పారని రాయమంటారు?"

చట్టం ప్రకారం దానికి జవాబు లేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఆయన తడి చేతులు తుడుచుకోవడానికి పొడి చోటు వెతుక్కుని, దొరక్క, పల్లాలమ్మను అడిగారు.

"నీ ఇంటిపేరేంటమ్మా?"

"ఓలేటి అండి."

"ఓలేటి పల్లాలమ్మ చెప్పిందని రాయండి," అన్నారు.

రాశాను.